నడుము దాకా జుట్టుకు 1940ల నాటి టర్బన్: జారకుండా, తువ్వాలు చుట్టినట్టు కనిపించకుండా

మీరు రాసింది ఇదీ: మే నెలలో అక్క కూతురి సంగీత్. చెన్నై ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద, సముద్రపు గాలి నేరుగా కొట్టే చోట, సాయంత్రం 6 నుంచి రాత్రి 11 దాకా. అందరూ 1940ల నాటి వేషాల్లో రావాలని పిలుపు. మీకు నడుము దాకా ఒత్తయిన జుట్టు, రోజూ కొబ్బరినూనె అలవాటు. శాటిన్ చున్నీ చుట్టి చూస్తే పావుగంటకే వెనక్కి జారింది. పైగా తలంటుకుని తువ్వాలు చుట్టుకున్నట్టుందని ఇంట్లో నవ్వారు.

ఆ జారడానికీ ఈ నవ్వుకీ కారణం ఒకటే. మీరు గుడ్డతో మొదలుపెట్టారు. టర్బన్‌ని నిలబెట్టేది ముడి కాదు, దాని కింద ఉన్న జుట్టు. ఆ రోజు చేయాల్సిన పనిలో మూడొంతులు జుట్టుదే. గుడ్డ చుట్టడం చివరి పది నిమిషాల వ్యవహారం.

ఆ కాలపు టర్బన్ అలంకారంగా కంటే అవసరంగానే ఎక్కువ తలలకెక్కింది. పారిస్‌లో ఫ్యాషన్ డిజైనర్ పోల్ పోయిరే 1911 ప్రాంతంలో దాన్ని షోకుగా మార్చిన మాట నిజమే. కానీ ఇప్పుడు మనం అనుకరించేది రెండో ప్రపంచయుద్ధం నాటిది. ఫ్యాక్టరీల్లో చేరిన ఆడవాళ్ళ జుట్టు యంత్రాల్లో చిక్కుకోకుండా గుడ్డ కట్టేవారు. బ్రిటన్‌లో 1941 జూన్ నుంచి బట్టలకు రేషన్ కాబట్టి, ఉన్న స్కార్ఫే టోపీ అయింది. ఒక కన్ను కప్పుతూ జుట్టు వదిలే హాలీవుడ్ నటి వెరోనికా లేక్ చేత కూడా 1943లో ఆ జుట్టు వెనక్కి కట్టించి ప్రచారం చేశారు. అందుకే ఆ కట్టులో రెండు గుర్తులు కచ్చితంగా కనిపిస్తాయి. వెనక మెడ పూర్తిగా శుభ్రంగా ఉంటుంది. ముందు నుదుటి మీద మాత్రం చక్కగా తీర్చిన జుట్టు బయటికి ఉంటుంది. ఆ ముందు జుట్టు లేకపోతే అది టర్బన్ కాదు, తువ్వాలే. మీ ఇంట్లోవాళ్ళు నవ్వింది అందుకే.

ఇక గుడ్డ. శాటిన్ మానేయండి. నునుపైన గుడ్డ, నునుపైన నూనె జుట్టు కలిస్తే పట్టు ఎక్కడ దొరుకుతుంది? క్రేప్ మంచిది, జాకెట్లకు వాడే పలచటి రూబియా ఇంకా తేలిక, తిరుప్పూరు బనియన్ గుడ్డ అన్నిటికంటే సులువు. బనియన్ గుడ్డ సాగుతుంది కాబట్టి తల ఆకారానికి తనే ఒదుగుతుంది, అంచులు పోగులు లేవవు. ఒక్క చిక్కేమిటంటే చెమట పీల్చి బరువెక్కుతుంది. మే నెలలో ఐదు గంటలు కాబట్టి మీకు రూబియా గానీ పలచటి క్రేప్ గానీ నా సలహా. వెల్వెట్ జోలికి వెళ్ళకండి, చెన్నైలో డిసెంబరుకే అది ఎక్కువ.

కొలత ఊరికే చెప్పడం లేదు, లెక్క చూడండి. వెనక మెడ దగ్గర వెంట్రుకల అంచు నుంచి నడినెత్తి మీదుగా నుదుటి అంచు దాకా టేపు పెడితే దాదాపు 35 సెంటీమీటర్లు వస్తుంది. కింద చుట్టిన జడల ఎత్తుకు 5, కుచ్చిళ్ళకు 15. అంటే వెడల్పు 55. పొడవుకు వస్తే, జడలతో కలిపి తల చుట్టుకొలత 60 అనుకోండి. వెనక నుంచి ముందుకు రావడానికి రెండు కొసలూ కలిసి 60, ముందు మెలికకు 30, మళ్ళీ వెనక్కి 60, ముడికి 25. మొత్తం 175. దుకాణంలో 44 అంగుళాల పన్నా గుడ్డ మీటరు ముప్పావు తీసుకుని నిలువునా రెండుగా చీలిస్తే సరిగ్గా రెండు టర్బన్లు వస్తాయి, ఒకటి రిహార్సల్‌కు. చీలిన అంచుకు మడత కుట్టు వేయించకండి, గట్టిగా అంచు కట్టి నుదుటి మీద గీత పడుతుంది. చీరలకు పీకో వేసే అతనికి ఇస్తే ఐదు నిమిషాల పని. మీ చున్నీ పొడవు రెండున్నర మీటర్లు ఉంటుంది కాబట్టి, ఆ మిగిలిన ముప్పావు మీటరు అంతా ముందు ముడిలో గుట్టపడింది. తువ్వాలు రూపం సగం అక్కడి నుంచే వచ్చింది.

గుడ్డకు ఎగ్మోర్ పాంథియన్ రోడ్డులో కాటన్ స్ట్రీట్ అని పిలిచే వరసలో కట్ పీసులు దొరుకుతాయి. జార్జిటౌన్ గోడౌన్ స్ట్రీట్ హోల్‌సేలు కాబట్టి మీటరు ముప్పావుకు అంత దూరం అనవసరం. పిన్నులూ నెట్టులూ పాండీ బజారులోనో రంగనాథన్ స్ట్రీటులోనో ఒకే అంగడిలో దొరుకుతాయి: బాబీ పిన్నులు 30, యు పిన్నులు 12, సన్న రబ్బరు బ్యాండ్లు 6, హెయిర్ నెట్టు 1, చిన్న పిన్నీసులు 4, తోక దువ్వెన ఒకటి.

గళ్ళ గుడ్డ ఇష్టమైతే ఇంకో దారి ఉంది, నాకైతే అదే ఎక్కువ నచ్చుతుంది. మద్రాసు గళ్ళ చేతిరుమాళ్ళు ఈ తీరం నుంచి ఓడలెక్కి పశ్చిమాఫ్రికాకూ కరీబియన్ దీవులకూ వెళ్ళి అక్కడి ఆడవాళ్ళ తలకట్టు అయ్యాయి. మార్టినిక్, గ్వాడెలూప్‌లలో ఆ తలగుడ్డను ఇప్పటికీ మద్రాస్ అనే అంటారు. మన చీరాల తేలియా రుమాలు కూడా తలకు చుట్టుకునే గుడ్డగా అరబ్బు దేశాలకు వెళ్ళిందే. 90 సెంటీమీటర్ల చదరం గళ్ళ నూలు గుడ్డ కోణానికి మడిస్తే పొడుగు అంచు 127 వస్తుంది, అది ఫ్యాక్టరీ కట్టుకు సరిపోతుంది. ఒకటే జాగ్రత్త: చేనేత గళ్ళకు రంగు దిగే గుణం ఉంటుంది. తెల్లగుడ్డ తడిపి గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే, నీళ్ళు తేటగా వచ్చేదాకా విడిగా ఉతకాలి. లేకపోతే చెమటకు ఎర్ర చారలు నుదుటి మీదికీ, అక్కడి నుంచి జాకెట్టు మీదికీ దిగుతాయి. లుంగీ గుడ్డ కత్తిరించి వాడేవాళ్ళూ ఉన్నారు. గంజి పోయేదాకా ఉతికితే పనికొస్తుంది గానీ, మందం ఎక్కువ, ముడి లావుగా వస్తుంది.

ఇప్పుడు అసలు పని, జుట్టు. ముందు రోజు ఉదయం తలంటుకోండి. ఆ వారంలో అంతకుముందు ఎంత నూనె పెట్టినా ఫరవాలేదు, ఆ తలంటు తర్వాత మాత్రం చుక్క కూడా వద్దు. కండిషనర్ చెవుల కిందికే, కుదుళ్ళకు వద్దు. అమ్మో అత్తయ్యో 'జుట్టు గడ్డిలా ఉంది, కాస్త రాయనా' అంటారు. గడ్డిలా ఉండటమే కావాలి. పిన్ను గరుకు జుట్టులో నిలుస్తుంది, నూనె జుట్టులో జారుతుంది.

పాపిడి తీసే ముందు తోక దువ్వెనతో ఒక చెవి పైనుంచి రెండో చెవి పైదాకా నెత్తి మీదుగా వంపు గీత గీయండి. నుదుటి అంచు నుంచి 4 సెంటీమీటర్ల లోతు చాలు. ఆ ముందు భాగాన్ని మూడు చేసి క్లిప్పులు పెట్టేయండి: నుదుటి మధ్య 8 సెంటీమీటర్ల వెడల్పు ముక్క, రెండు కణతల దగ్గర చెరొకటి. మిగిలిన జుట్టంతా పునాది.

పునాది కొప్పుగా చుట్టకూడదు, పొడుగు జుట్టు వాళ్ళందరూ చేసే పొరపాటు ఇదే. నడుము దాకా ఒత్తు జుట్టు కొప్పు అంటే వెనక పావుకిలో బొప్పి కట్టినట్టు. ఆ బరువు గుడ్డను వెనక్కి లాగుతూనే ఉంటుంది, ముందు ఎన్ని పిన్నులు పెట్టినా దిగుతుంది. బదులుగా వెనక మధ్య పాపిడి తీసి, రెండు చెవుల వెనక నుంచి రెండు జడలు అల్లండి. మొదలు చెవి వెనక పైభాగంలో ఉండాలి, మెడ దగ్గర కాదు. అల్లేటప్పుడు జడను కిందికి కాకుండా పైకి పట్టుకుని అల్లితే మొదట్లో మడత పడదు. కుడి జడను నెత్తి మీదుగా ఎడమకు తీసుకెళ్ళండి. అది ముందు భాగపు గీతను ఆనుకుని కూర్చోవాలి. ఎడమ జడ దాని వెనక, పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి కాదు. కొసలు ఎదుటి జడ కిందికి దోపేయండి. జడ పొడుగు మిగిలితే వెనక ఖాళీలో చుట్టచుట్టగా పరిచి నెట్టు వేయండి. ప్రతి 4 సెంటీమీటర్లకు ఒక యు పిన్ను జడలోంచి అడుగు జుట్టులోకి గుచ్చి, తిప్పి, వ్యతిరేక దిక్కుకు తోయాలి. అలా మెలేసిన పిన్ను ఊడదు.

ఇలా ఎందుకంటే, గుడ్డకు రెండు గట్లు కావాలి. ఒకటి ముందున్న ఈ జడ. గుడ్డ అంచు జడకు ముందు కూర్చుంటుంది, వెనక్కి జారాలంటే ఆ గట్టు ఎక్కాలి. రెండోది మీ తల వెనక ఎముక. మెడ గుంటకు పైన వేళ్ళతో తడిమితే బుడిపెలా తగులుతుంది. గుడ్డ కింది అంచు ఆ బుడిపె కిందికి దిగితేనే పైకి పాకదు. బుడిపె మీదే ఆగితే ముడి ఎంత బిగించినా పది నిమిషాల్లో పైకి లేచిపోతుంది. మీ చున్నీ జారింది ఇక్కడే అయి ఉంటుంది. మెడ దగ్గర కొప్పు ఉంటే గుడ్డ ఆ బుడిపె కిందికి దిగనే దిగదు.

బాబీ పిన్ను గురించి చిన్న మాట. వంకరలున్న కాలు తల వైపు ఉండాలి, నున్నటి కాలు పైకి. చాలామంది తిరగేసి పెడతారు, అందుకే రాలిపోతాయి. ముందే పిన్నులన్నిటికీ హెయిర్ స్ప్రే కొట్టి ఆరబెడితే పట్టు ఇంకా పెరుగుతుంది. ఒక్కటి కంటే ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన జత చాలా నయం.

ముందు జుట్టు. ఆ కాలపు ఫోటోల్లో నుదుటి మీద గొట్టంలా చుట్టిన విక్టరీ రోల్స్ చూసి ఉంటారు. అవి భుజాల దాకా జుట్టు ఉన్నవాళ్ళకు. నడుము దాకా ఉన్న పాయను కొస నుంచి చుట్టుకుంటూ వస్తే ఏడెనిమిది చుట్లు పడి గరిటంత లావవుతుంది, తన బరువుకు తనే కుంగుతుంది. జుట్టు కత్తిరించమని ఎవరైనా చెబితే వినకండి. దీనికి దొంగదారి ఉంది. పాత లెగ్గింగ్ కాలు ముక్కలో, దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు కూరి, 12 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల లావు దిండు చేయండి, కొసలు సన్నగా. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు రాలిన వెంట్రుకలు దాచి సవరం కట్టించుకున్నట్టే, ఆ 1940ల నాటి పాశ్చాత్య మహిళల అమ్మమ్మలూ ఇలాంటి దిండ్లు కట్టుకునేవారు. నల్ల లెగ్గింగ్ అయితే వెంట్రుకల సందులోంచి కనపడదు. తెల్లది పొరపాటున కూడా వద్దు.

దిండును నుదుటి అంచుకు ఒక వేలు వెనక, రెండు కొసల్లో అడ్డ పిన్నులతో బిగించండి. మధ్య పాయను లోపలి వైపు కుదుళ్ళ దగ్గర మూడు నాలుగు సార్లు కిందికి దువ్వి బరక చేయండి, పై వైపు మాత్రం నునుపుగా ఉంచండి. దిండు మీదుగా వెనక్కి తీసుకెళ్ళి జడ గట్టు ముందు రెండు జతల పిన్నులు. మిగిలిన తోక సన్న జడ అల్లి, గట్టు దాటించి వెనక ఖాళీలో దోపేయండి. బయటికి కనిపించేది గుండ్రటి ఉబ్బు మాత్రమే, పొడుగంతా గుడ్డ కింద. చూసేవాళ్ళకు కురచ జుట్టు చుట్టినట్టే ఉంటుంది. కణతల పాయలు తాడులా మెలేసి వెనక్కి. అక్కడ చిన్న ముంగురులు సహజంగా ఉంటే వాటినే వంకీలు చేస్తే ఆ కాలపు ముఖం ఇట్టే వస్తుంది.

వంకీలకు వేడి కడ్డీ కంటే తడి చుట్టే మేలు, ముఖ్యంగా చెన్నైలో. వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రోటీన్‌ను తాత్కాలికంగా ఒక ఆకారంలో పట్టి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు. తడిస్తే అవి విడిపోతాయి, ఆరితే కొత్త ఆకారంలో మళ్ళీ కట్టుకుంటాయి. గాలిలో తేమ ఎక్కువైతే మెల్లగా మళ్ళీ విడతాయి, అందుకే ఈసీఆర్ గాలికి వంకీ గంటలో గీతవుతుంది. పూర్తిగా ఆరి గట్టిపడ్డ వంకీ ఆ తేమకు కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. పావు కప్పు అవిసె గింజలు 2 కప్పుల నీళ్ళలో ఏడెనిమిది నిమిషాలు కలుపుతూ ఉడికించి, గుడ్డు తెల్లసొనలా అయ్యాక వేడిగా ఉండగానే పలచటి గుడ్డలో వడకట్టండి. చల్లారితే వడకట్టడం అసాధ్యం. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. ముంగురులకు రాసి, వేలి వెడల్పు పాయలు కొస నుంచి కుదురు దాకా చుట్టలు చుట్టి, అడ్డ పిన్ను పెట్టి, ఫ్యాను కింద కనీసం 4 గంటలు. లోపల తడి మిగిలితే విప్పగానే సాగిపోతుంది, కాబట్టి ఒకటి విప్పి చూశాకే మిగతావి. టైం లేక కడ్డీ వాడితే 25 మిల్లీమీటర్లది, 160 డిగ్రీల చుట్టుపక్కల. వేడి వంకీని వదిలేయకుండా చుట్టలాగే పిన్ను పెట్టి 20 నిమిషాలు చల్లారనివ్వాలి. గుడ్డ చుట్టాక మాత్రం కడ్డీ దగ్గరికి రానివ్వకండి, క్రేప్ పాలిస్టర్ అయితే తగిలిన చోట పాడవుతుంది. విప్పాక హెయిర్ స్ప్రే, ఆరాక శనగగింజంత సిలికాన్ సీరం అరచేతుల్లో రుద్ది పైపైన మాత్రమే.

ఇప్పుడు గుడ్డ. మధ్య భాగం మెడ వెనక, కింది అంచు ఎముక బుడిపె కింద, వెంట్రుకల అంచును ఒక సెంటీమీటరు కప్పుతూ. అక్కడ రెండు బాబీ పిన్నులు గుడ్డలోంచి కింది జుట్టులోకి. మిగిలిన వెడల్పు నెత్తి మీదుగా పైకి లాగి, అంచు జడ గట్టు దాటి ముందుకొచ్చేలా, ఉబ్బును తాకకుండా. రెండు చేతులతో కొసలు పట్టి ముందుకు తెచ్చి, కుడిదాన్ని ఎడమదాని మీదుగా వేసి ఒక పూర్తి మెలిక తిప్పండి. ఏ కొస ఆ వైపుకే తిరిగి వెళ్ళాలి. మెలిక ముక్కుకు సూటిగా కాకుండా ఒక కనుబొమ వంపు మీదికి వస్తే అందం. నడిమధ్యలో ఉంటే సన్మానంలో పెట్టే మైసూరు పేటా గుర్తొస్తుంది. కొసలు చెవుల పైభాగాన్ని కొద్దిగా కప్పుతూ వెనక్కి, మొదటి పొర కిందికి దోపి, బుడిపె కింద రెండు ముళ్ళు. చెవి మొత్తం మూసేస్తే డీజే పాట తప్ప ఎవరి మాటా వినపడదు, చెవి మడత పడితే గంటలో నొప్పి.

బిగువు ఎంత? నుదుటి దగ్గర గుడ్డ కింద చూపుడు వేలు దూరాలి, దాంతో పాటు మధ్యవేలు కూడా దూరకూడదు. కణతల మీద పిన్ను ఏదీ గుడ్డ కింద నొక్కుకోకూడదు. తలనొప్పి మొదలయ్యేది చాలాసార్లు బిగువు వల్ల కాదు, ఆ ఒక్క పిన్ను వల్ల. చివరగా కుచ్చిళ్ళు వేళ్ళతో సర్ది, జడ ఉన్న చోట మాత్రమే నాలుగు పిన్నీసులు లోపలి నుంచి, గుడ్డను జడకు. ఉత్త జుట్టుకు పిన్నీసు పెడితే కుదుళ్ళు లాగుతుంది.

గళ్ళ చదరం కట్టేటప్పుడు తేడా ఇంతే: కోణానికి మడిచి పొడుగు అంచు మెడ వెనక, మొన నుదుటి మీదికి, రెండు కొసలు మొన పైన ముడి, మొనను ముడి మీదుగా వెనక్కి మడిచి లోపల దోపడం. దీనికి కింద ఒకే జడ గట్టు చాలు.

మల్లెపూలు పెట్టుకోవచ్చా అని కూడా అడిగారు. మూర పొడుగు దండ వెనక వేలాడదీస్తే శుభ్రమైన మెడ గీత పోతుంది, ఆ కాలపు రూపం మొత్తం మాయమవుతుంది. జాన దండను గుండ్రంగా చుట్టి మెలికకు పక్కన బ్రోచిలా కుట్టేయండి, పిన్నుతో గుచ్చితే మల్లె రంగు మారుతుంది. నిజం బ్రోచి అయితే తేలికది, బరువుది మెలికను ముందుకు లాగుతుంది. చెవులకు దిద్దులు. జూకాలు గుడ్డ అంచుకు తగిలి రాత్రంతా చిక్కుకుంటాయి.

ఒక ఆదివారం సాయంత్రం ఇంట్లో పూర్తిగా కట్టి రెండు గంటలు ఉంచి చూడండి, ఏసీ ఆపేసి. తడి తల మీద మాత్రం ఎప్పుడూ కట్టొద్దు, ఆ వేడికి తేమకు చుండ్రు చెలరేగుతుంది, వాసన వస్తుంది.

రాత్రి విప్పేటప్పుడు మొదట పిన్నీసులు, తర్వాత మెడ ముడి, తర్వాత గుడ్డ, ఆఖరికి దిండు. జడలు వేళ్ళతో విప్పాకే దువ్వెన, కొసల నుంచి పైకి. స్ప్రే ఉన్న ముందు భాగానికి కొబ్బరినూనె పట్టించి అరగంట ఆగితే చిక్కు మెత్తబడుతుంది. పెట్టేటప్పుడే పిన్నులు లెక్కపెట్టుకుని ఉంటే తీసినప్పుడు ఆ లెక్క రావాలి. ఒకటి తగ్గిందంటే అది దిండులోనో వెనక చుట్టలోనో ఉంటుంది, నిద్రపోయే ముందే వెతకండి.